ఎర్ర గోళ్ళరంగు గుర్తు

ప్రభాకరరావు మాస్టారికి భార్యగా ఉండడమంటే సెలవుల్లేని బడిలో చదవడమే. ఆ మాట క్రిస్టీనా పైకి అనదు. అంటే దానిమీదా ఓ పాఠం మొదలవుతుంది.

అత్తగారు జ్ఞానమ్మకి పెద్దపేగులో కాన్సర్ అని తేలినప్పటినుంచీ పాఠమంతా గెంతే జన్యువుల గురించే. కొన్ని జన్యువులు ఉన్నచోట ఉండవనీ, కాన్సర్‌కి అవీ ఓ కారణమనీ ఆయన ఫోన్లో చదివారు.

"గెంతేవి ఎక్కడాగుతాయో ఎవరికి తెలుసు?" అంటూ తల్లి గ్లాసుకీ కంచానికీ ఎర్ర గోళ్ళరంగుతో గుర్తు పెట్టారు. వాళ్ళ చర్చి సంఘంలో ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగడానికి అందరికీ గిన్నె ఒకటే. సంఘపెద్దగా అందించేది ఆయనే. "అమ్మా, ఈసారి ఆఖర్న కూర్చుని తీసుకో," అన్నారు.

"కూర్చుంటాన్రా. సోమవారం ఆపరేషనుకి మాత్రం రాను," అంది జ్ఞానమ్మ.

క్రిస్టీనా డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది. మొక్కజొన్న గింజల మీద మచ్చలకి ఈ జన్యువులే కారణమని రాసి మార్కులు తెచ్చుకుంది. ఆ మచ్చలు పక్క పొత్తుకి పాకుతాయో లేదో మాత్రం ఎంతకీ గుర్తురాలేదు. రెండ్రోజులు ఆ గ్లాసు విడిగానే తోమి, సిగ్గేసి, అమలాపురం వెళ్ళి డాక్టరుగారినే అడిగింది.

"గెంతేది ఆ కణంలోనేనండి. పెరుగుదలని అదుపుచేసే జన్యువులో దూరితే చిక్కు. గ్లాసులోకి రావు. మీలోనూ ఉన్నాయి, నాలోనూ ఉన్నాయి. చాలావరకూ నిద్రలోనే ఉంటాయి."

"మరి ఎందుకు లేస్తాయండి?"

"మాకూ పూర్తిగా తెలీదండి."

వెళ్ళినప్పటికంటే ఎక్కువ అయోమయంతో తిరిగొచ్చింది. గ్లాసు సంగతి మాత్రం తేలింది.

శనివారం మాస్టారి కాఫీ ఎర్ర గుర్తున్న గ్లాసులో వచ్చింది.

"ఇది అమ్మది కదా?"

"మీదేనండి. నాదానికీ పెట్టేను. ఆ జన్యువులు అందరిలోనూ ఉన్నాయట, డాక్టరుగారు చెప్పేరు. కణం దాటి గ్లాసులోకి రావట. అయినా ఎందుకైనా మంచిది, రేపు మీరూ ఆఖరి బెంచీలోనే కూర్చోండి."

మాస్టారు గ్లాసు తిప్పితిప్పి చూశారు.

ఆదివారం ఆయన గిన్నె పట్టుకుని మొదటి బెంచీ దాటేశారు. రెండోదీ దాటేశారు. అందరూ మొహమొహాలు చూసుకున్నారు; క్రిస్టీనాకీ ఏమీ బోధపడలేదు. తిన్నగా వెళ్ళి ఆఖరి బెంచీలో తల్లి ముందు ఆగారు.

జ్ఞానమ్మ చెయ్యి చాపలేదు. "నాకు ముందెందుకురా?"

"నేను చెప్పింది తప్పమ్మా," అన్నారు మాస్టారు, పాఠం చెప్పే గొంతుతోనే, సంఘమంతా వినేలా. "తీసుకో. రేపు ఎనిమిదింటికి బయల్దేరాలి."