రెండు కొసలు

పని మొదలైన వేళకు ఆ గదిలో నలుగురున్నారు. గుమ్మం నుంచి లోపలికి వరుసగా చెప్పాలంటే, మొదట గడప దగ్గర కాఫీ గ్లాసుల పళ్ళెంతో శారదాదేవి. ఆమె పక్కన, బయటికి వెళ్ళే తొందరలో సంచి భుజాన వేసుకుంటూ కుమార్తె హరిణి. బల్ల వెనుక చేతుల కుర్చీలో ఇంటి యజమాని ఆదినారాయణ. అందరికంటే లోపల, గోడవారన నేలమీద బాసింపట్టు వేసుకుని బాలనర్సయ్య. వయసులో డెబ్బై ఆరేళ్ళ ఆదినారాయణ అందరికంటే పెద్ద. పనిలో ఉన్నది మాత్రం బాలనర్సయ్య ఒక్కడే.

అతడు అప్పటికే కేబుల్ కొస నుంచి రెండంగుళాల మేర పైతొడుగు ఒలిచాడు. లోపలి ఎనిమిది సన్నని తీగలూ రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలిపెట్టి ఉన్నాయి. వాటిని విడదీసి, ఒక్కొక్క జత మీద బొటనవేలి గోటితో మెల్లగా గీస్తున్నాడు. చూసేవారికి మురికి దులుపుతున్నట్టు కనిపిస్తుంది.

ఆ ఇల్లు ఫిలింనగర్ ఎగువన రాతి మీద కట్టినది. వెనుక, పగలగొట్టకుండా వదిలేసిన పెద్ద బండ ఒకటి ఉంది. ముప్పై నాలుగేళ్ళు సినిమాలకు శబ్దగ్రహణం చేసిన ఆదినారాయణ, రిటైరైన తర్వాత ఆ బండకు అవతలివైపు ఆనించి ఈ పనిగది కట్టించుకున్నాడు. పాత టేపుల్లోని ధ్వనిని కంప్యూటర్లోకి ఎక్కించడం ఇప్పుడు ఆయన వ్యాపకం. గదిలో ప్రతి పనిముట్టూ ఒక మేకుకు వేలాడుతుంది. ప్రతిదానికీ దారంతో కట్టిన అట్టచీటీ, దానిమీద ఇంగ్లీషులో పేరూ తేదీ ఉంటాయి. ఆ గదికి ఉన్న లోటు ఒక్కటే. ముందుగదిలోని వైఫై ఆ బండను దాటి రాదు. కేబుల్ వేయక తప్పదు.

కొనాలా, చేయించాలా అన్నది వారం రోజులుగా ఆ ఇంట్లో నలుగుతున్న విషయం. హరిణి కొనేసింది కూడా. రెడీమేడ్ కేబుల్ ప్యాకెట్టు విప్పకుండా బల్లమీద పడి ఉంది.

"రెండు కొసలూ ఫ్యాక్టరీలోనే బిగించి పంపారు నాన్నా. గుచ్చేయడమే. పొద్దున్నే ఆ అంకుల్‌ని నేలమీద కూర్చోబెట్టారు మీరు."

"అది ముప్పై మీటర్లు. మనకు కావలసింది ఇరవై రెండు. మిగిలిన ఎనిమిదీ నువ్వు మెడలో వేసుకుంటావా? పైగా గోడలోని గొట్టంలో ప్లగ్గు దూరదు. ఉత్త తీగ అయితే దూరుతుంది."

"గోడకి ఇంకో కన్నం పెట్టిస్తే పోయేది కదా."

"గోడ నాది."

హరిణి నవ్వింది. "అంకుల్, మీరే చెప్పండి. కొన్నది మంచిదా, చేసింది మంచిదా?"

బాలనర్సయ్య తలెత్తలేదు. "కొన్నది గూడ మంచిగనే ఉంటది బిడ్డా. గని మీ గోడ ఎంత పొడుగున్నదో దానికేమెరుక?"

"ఇద్దరూ ఒకే పార్టీ. నేను పోతున్నా," అని ఆమె కాఫీ తాగకుండానే ఎడిటింగ్ రూముకు బయల్దేరింది.

ప్యాకెట్టు పక్కన ఒక తెల్లని కవరు ఉంది. బాలనర్సయ్య దానివైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నిస్తున్నాడు. ఫిలింనగర్లో కొత్తగా కడుతున్న ఒక డబ్బింగ్ థియేటర్ మేనేజరుకు ఆదినారాయణ స్వయంగా రాసిన సిఫారసు అది. రెండువందల పాయింట్ల వైరింగు, ఆ తర్వాత రెండేళ్ళ మెయింటెనెన్సు. ఈ పూట పని పూర్తికాగానే ఆ కవరు అతని చేతికి వస్తుంది. ఐదు నెలలుగా అతనికి చెప్పుకోదగ్గ పని లేదు. లోగడ పిలిచిన ఆఫీసులన్నీ ఇప్పుడు తయారైన కేబుళ్ళనే పెట్టెలతో తెప్పించుకుంటున్నాయి. ఈ ఒక్కటి దొరికితే అరవై దాటేదాకా ఫికర్ లేదని ఆ ఉదయం బయల్దేరేముందు భార్యతో అన్నాడు. షేక్‌పేటలో రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్మే నీలమ్మ, పిండి జల్లిస్తూ ఊ కొట్టింది.

షేక్‌పేటలో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే యాభై ఎనిమిదేళ్ళ వాడైన మనిషి అతడు. పందొమ్మిదో ఏట స్టూడియోలో లైట్ల విభాగంలో చేరి, మణికట్టంత లావు కేబుళ్ళను భుజాన మోశాడు. తారల ముఖాలకంటే, ఆ ముఖాల మీదికి వెలుతురు వచ్చే దారే అతనికి ఎక్కువ తెలుసు. ఒకనాటి షూటింగులో మైకులోంచి సన్నని రొద వస్తూ ఎంతకూ ఆగకపోతే, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి కరెంటు కేబుల్‌ను మైకు తీగ నుంచి బారెడు దూరం జరిపాడు. రొద ఆగింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్న ఆదినారాయణ అప్పుడు మొదటిసారి అతని పేరు అడిగాడు. తర్వాత ఇంటింటికీ టీవీ కేబుల్ వచ్చిన కాలంలో యూసుఫ్‌గూడ, మధురానగర్ మేడల మీదుగా చిటికెన వేలంత తీగ లాగాడు. ఆపైన కంప్యూటర్లు వచ్చాయి. పెన్సిలంత కేబుల్, దానిలో దారాల వంటి ఎనిమిది తీగలు. వయసు పెరిగేకొద్దీ అతని చేతిలోని తీగ సన్నబడుతూ వచ్చింది.

చూపు కూడా సన్నబడింది. ఏడాదిన్నరగా ఇంటిలోపలి వెలుతురులో అతనికి ఆరెంజ్ తీగకూ బ్రౌన్ తీగకూ తేడా తెలియదు. షుగర్ వల్ల కంటి వెనుక పొర దెబ్బతిన్నదనీ, ఆపరేషన్‌తో తిరిగి వచ్చేది కాదనీ డాక్టరు చెప్పాడు. ఎండలో పెట్టి చూస్తే మాత్రం ఇంకా తెలుస్తుంది. ఎనిమిది రంగులను ఒకే వరుసలో పేర్చి ప్లగ్గులోకి ఎక్కించడమే అతని వృత్తి. ఈ సంగతి నీలమ్మకు తప్ప మరెవరికీ చెప్పలేదు. ఉపాయం అతడే కనిపెట్టాడు. నాలుగు జతల మెలిక ఒకే తీరుగా ఉండదు. ఆరెంజ్ జత మెలిక కాస్త బిగువు, బ్రౌన్ జతది కాస్త వదులు. ఆ తేడాను గోరు పసిగడుతుంది. పచ్చ, నీలం సంగతి కళ్ళు చూసుకుంటాయి. ఈ ఏడాదిన్నరలో అతడు చేసిన కేబుల్ ఒక్కటీ తిరిగి రాలేదు.

ఎప్పుడూ తీగచుట్ట అతడే తెచ్చుకుంటాడు. ఈసారి ఆదినారాయణ తానే వెళ్ళి, మరింత మంచి రకమని వేరే కంపెనీది తెచ్చి ఉంచాడు.

బిగువు జతను ఎడమకు పెట్టాడు, వదులు జతను కుడికి. ఎనిమిదింటినీ సాపుచేసి, కొసలు ఒక్క కోతతో సమంగా కత్తిరించి, పారదర్శకమైన ప్లగ్గులోకి తోశాడు. క్రింపర్ చేతిలోకి తీసుకున్నాడు. ప్లగ్గును తీగలమీద బిగించే ఆ పటకారు అతని దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఒక పిడికి ఎర్ర రబ్బరు ఇంకా ఉంది. రెండోదానిది అరిగిపోతే నల్లటేపు చుట్టాడు. నొక్కాడు. పైతొడుగు ప్లగ్గు లోపలిదాకా వెళ్ళలేదని వేలితో తడిమి గ్రహించి, ఆ ప్లగ్గును కోసి చొక్కాజేబులో వేసుకుని, మరొకటి అదే వరుసలో బిగించాడు. ముక్కలు నేలమీద వదిలే అలవాటు అతనికి లేదు. ఇళ్ళలో మనుషులు ఉత్త కాళ్ళతో తిరుగుతారు. తర్వాత తీగను గోడ గొట్టంలోంచి ముందుగదికి లాగి, అక్కడా అదే వరుసలో రెండో ప్లగ్గు బిగించాడు. రెండు వైపులా మూరెడు తీగ అదనంగా చుట్టి ఉంచాడు. ఎప్పుడైనా కొస పాడైతే కోసుకుని మళ్ళీ చేసుకోవడానికి అది ఆధారం.

ఈ కొస తీగ ఆ కొసలో అదే స్థానానికి చేరిందో లేదో చూపే టెస్టరులో దీపాలు ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుస తప్పకుండా వెలిగాయి. ఆదినారాయణ కంప్యూటర్ తెరిచి, వేగం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"శారదా, చూశావా? పని అంటే ఇదీ. సాయంత్రం నీ కూతురికి చూపించు." ఆయన లేచి నిలబడి కవరు అందించాడు. "బాలనర్సయ్యా, సోమవారం వెళ్ళి మేనేజరును కలువు. నా మాటగా రాశాను."

బాలనర్సయ్య కవరును కళ్ళకద్దుకుని, చేతులు కడుక్కోవడానికి బండ పక్కనున్న పంపు దగ్గరికి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం. రాయి తెల్లగా మెరుస్తోంది. ముక్కలు పారేద్దామని జేబులో చెయ్యి పెడితే, కోసేసిన ప్లగ్గు వచ్చింది. దాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

ఆరెంజ్ ఉండవలసిన చోట బ్రౌన్ ఉంది. బ్రౌన్ చోట ఆరెంజ్ ఉంది.

ఈ కంపెనీ వాళ్ళు బిగువు మెలిక బ్రౌన్‌కూ, వదులు మెలిక ఆరెంజ్‌కూ పెట్టారు. గోరు సరిగానే చదివింది. తీగే మరో మాట చెప్పింది.

అతడు ప్లగ్గును మళ్ళీ జేబులో వేసుకున్నాడు. కేబుల్ పనిచేస్తోంది. రెండు కొసల్లోనూ ఒకే తప్పు చేశాడు గనుక ఎప్పటికీ పనిచేస్తుంది. ఏ దీపమూ దాన్ని పట్టుకోదు, ఏ మనిషీ వంగి చూడడు. కవరు జేబులో ఉంది. పంపు కట్టేసి లోపలికి వచ్చాడు.

"సార్, రంగులు తప్పువెట్టిన."

ఆదినారాయణ చిరునవ్వుతో, "దీపాలు వెలిగాయి కదయ్యా," అన్నాడు.

"రెండు దిక్కుల గదే తప్పు చేసిన గావట్టి వెలిగినయ్. ఏడాదిన్నర సంది నాకు ఆరెంజు, బ్రౌను ఒక్కతీర్గనే అగుపిస్తున్నయ్ సార్. గోటితోని మెలిక చూసి పెడుతున్న. ఈ చుట్టల మెలిక వేరే ఉన్నది." ప్లగ్గును బల్లమీద పెట్టాడు. దాని పక్కనే కవరు పెట్టాడు.

ఆదినారాయణ భూతద్దంతో ప్లగ్గును పరీక్షించాడు. ఆయన ముఖంలో నవ్వు పోయింది. తాను ఎంచిన మనిషి, తాను రాసిన ఉత్తరం. భూతద్దం పక్కన పెట్టాడు. "రంగుల వరుసకు రెండు పద్ధతులున్నాయని చదివాను. ఇది రెండోది అనుకుందాం. ఎవరికి తెలుస్తుంది?"

"రెండు పద్ధతులున్నయ్ సార్. ఇది రెండిట్ల ఏది గాదు." అతడు గొంతు పెంచలేదు. "మీ ఇంట్ల రెండు కొసలు నావే. గా థియేటర్ల ఒక కొస నాది, ఇంకో కొస వేరేటోళ్ళది. ఆళ్ళు సక్కగ పెడ్తరు, నేను తప్పు పెడ్త. రెండొందల పాయింట్లు. మీ పేరు మీద పోయి గా పని చెయ్యలేను."

గడప దగ్గర నిలబడి వింటున్న శారదాదేవి అంది, "రంగులు చెప్పడానికి ఓ మనిషిని పెట్టుకోరాదూ?"

"రంగులు తెలిసినోడు దొరికితే ఆడే పెడ్తడు గదమ్మా. మధ్యల నేనెందుకు?"

బాలనర్సయ్య మళ్ళీ నేలమీద కూర్చుని, బిగించిన ప్లగ్గును కోసేశాడు. "మీ పనైతే సక్కగ చేసి పోత. జర మీరే రంగులు చెప్పున్రి."

శారదాదేవి పీట లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. ఆదినారాయణ టార్చిలైటు పట్టుకున్నాడు.

"ఇది నారింజ. ఇది నారింజ చార ఉన్న తెలుపు. ఇదేమో కాఫీపొడి."

"బ్రౌనమ్మా."

"మా ఇంట్లో కాఫీపొడే."

అతడు నవ్వాడు. ఆమె చెప్పిన వరుసలో ఒక్కొక్క తీగనూ వేళ్ళమధ్య పేర్చి, క్రింపర్ నొక్కాడు. ఆ తర్వాత ముగ్గురూ ముందుగదికి వెళ్ళారు. అక్కడా అంతే. అదనంగా ఉంచిన మూరలో జానెడు తీగ ఖర్చయింది. దీపాలు మళ్ళీ ఒకటి నుంచి ఎనిమిది దాకా వెలిగాయి. మొదటిసారి ఎలా వెలిగాయో, అచ్చం అలాగే.

శారదాదేవి మజ్జిగ ఇచ్చింది. అతడు తాగి, ముక్కలన్నీ ఏరి జేబులో వేసుకున్నాడు.

"ఇక ఏం చేస్తావు?" అని అడిగాడు ఆదినారాయణ.

"నీలమ్మ తాన రొట్టెలు కాలుస్త సార్. రొట్టె కాలినది వాసనకే ఎరుకైతది."

పనిగదిలోకి వెళ్ళి, గోడమీది మేకుల వరుసను ఒకసారి చూసి, చివర ఖాళీగా ఉన్న మేకుకు క్రింపర్ తగిలించాడు. "ఇది ఈడ ఉండనీయున్రి." చేతిసంచి తేలికైంది. దండం పెట్టి, చెప్పులేసుకుని, షేక్‌పేట వైపు వాలు దిగిపోయాడు. ఆ వీధుల్లోకి తీగ పట్టుకుని అతడు మళ్ళీ రాలేదు.

ఆదినారాయణ కవరును సొరుగులో పెట్టాడు. ఒక అట్టముక్క కత్తిరించి, కలం తీసి, చాలాసేపు ఆలోచించి, ఆ గదిలో మొదటిసారిగా తెలుగులో రాశాడు. సాయంత్రం హరిణి వచ్చి లైటు వేసేసరికి, నల్లటేపు చుట్టిన పిడి వైపు కొద్దిగా ఒరిగి ఆ క్రింపర్ మేకుకు వేలాడుతోంది. దానికి కట్టిన చీటీ ఇది:

"ఇరవై రెండేళ్ళు దీనిని వాడినవారు షేక్‌పేట వాస్తవ్యులు శ్రీ బాలనర్సయ్యగారు. దీపాలు ఒప్పుకున్న పనిని తాము ఒప్పుకోక, ఎవరికీ తెలియని తప్పును తామే చెప్పి, తామే దిద్దినందుకు వారికి ఈ ఇంటివారి కృతజ్ఞతలు."