పెట్టె మీద పేరు

పెళ్ళికూతురి ఎడమ చెంప మీద ఇంకా ఏడు గుంటలు మిగిలాయి. ఫోటోగ్రాఫరు ఆరోగ్యం పెన్సిలు మొనను గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, గాజు నెగెటివును కిటికీకెదురుగా వాలుబల్ల మీద నిలబెట్టి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్క గుంటనూ పూడుస్తున్నాడు. బాపులపాడు పిల్ల. చిన్నప్పుడు అమ్మవారు పోసిందట. ఫోటో వచ్చే ఆదివారానికి పెళ్ళివారి చేతుల్లో ఉండాలి. నెగెటివులో మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది కనక కొత్తవాళ్ళకు దయ్యంలా కనిపిస్తుంది గాని, ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని అలాగే చూస్తున్న ఆరోగ్యానికి ఆ పిల్ల చక్కగానే ఉంది. గుంటలతో కూడా చక్కగానే ఉంది. ఆ మాట అతన్ని అడిగేదెవరు?

ఊపిరి బిగబట్టడం ఈమధ్య కష్టమవుతోంది. చలికాలం నుంచీ రొమ్ములో ఎడమవైపు మేకు దిగినట్టు ఉంటోంది. పైగా దగ్గు. చీకటిగది మానుకోమన్నాడు కాంపౌండరు. చీకటిగది మానుకుని ఫోటోలు తీయమనడం, నీళ్ళు మానుకుని నాట్లు వేయమనడం లాంటిది. ఇన్నమ్మ మాత్రం మొగుడు దగ్గి పడేసిన ప్రతి గుడ్డముక్కనూ వెలుతురుకి పట్టి చూస్తుంది, నెత్తురు జాడ ఉందేమోనని. ఉండదు. అయినా చూస్తుంది.

ఆమె ఫోటోలు కడిగే తొట్టిలో నీళ్ళు మారుస్తూ అడిగింది. "ఏంటయ్యా, మాటిమాటికీ వీధిలోకి చూస్తావు?"

"శుక్రవారం కదే. పదకొండింటి బస్సుకి పత్రిక వస్తది."

"ఈసారన్నా నీ పేరు పడుద్దంటావా?"

"ఈసారి కత్తిరించలేరు. కత్తిరిస్తే బొమ్మే పోద్ది."

ఈ పేరు పిచ్చి అతనికెలా పట్టిందో చెప్పాలంటే తల్లి దయామణి దగ్గర మొదలుపెట్టాలి. రెడ్డిగూడెం మామిడితోటల్లో ఆవిడ ముప్పై వేసవులు నెత్తిన బుట్ట మోసింది. తండ్రి చిక్కం కట్టిన గడతో కాయకు దెబ్బ తగలకుండా దించేవాడు. ఆ కాయ నాగపూరు వెళ్ళినా, కలకత్తా వెళ్ళినా పెట్టె మీద షావుకారి పేరే. 'సొమ్మొకడిది, సోకొకడిది' అని నవ్వేసేది దయామణి. కొడుక్కి నవ్వు రాలేదు. తర్వాత మిషను ఫాదరు గారు అతనికి కెమెరా పట్టుకోవడం నేర్పి, అతను తీసిన మొదటి ఫోటో కింద ఆల్బంలో 'ఆరోగ్యం తీసినది' అని తన చేత్తో రాశారు. ఆ రెండు మాటలూ ఒక్కసారి అచ్చులో చూసుకుంటే చాలనుకున్నాడు. తన జన్మకి అంతకంటే పెద్ద కోరిక పెట్టుకోలేదు పాపం.

తమ్మిలేరు పొంగిన ఏడు, చింతలపూడి దగ్గర ఇంటికప్పు మీద కోడిని ఒళ్ళో పెట్టుకు కూర్చున్న ముసలమ్మను, నడుంలోతు నీళ్ళలో నిలబడి తీశాడు. బెజవాడ వారపత్రికలో ఆ బొమ్మ అట్ట మీదే పడింది. కింద 'మా విలేఖరి' అని ఉంది. ఆ విలేఖరి నీళ్ళలో బొటనవేలు కూడా పెట్టలేదని అందరికీ తెలుసు. అప్పటినుంచి ఆరోగ్యం ఫోటోల వెనకాల రబ్బరు ముద్ర వేసి పంపాడు. వెనక్కి తిప్పి చూసినవాడు లేడు. ముందువైపే ఒక మూల రాసి పంపాడు. మూల కత్తిరించారు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే చివరికి ఒక కార్డు వచ్చింది: 'బొమ్మలు దివ్యముగా ఉన్నవి. ఫోటోలకు పేరు వేయు సంప్రదాయము మాకు లేదు. తరచు పంపుచుండగలరు.' ఇన్నమ్మ ఆ కార్డును పొయ్యిలో పెట్టబోతే వద్దన్నాడు. దివ్యంగా ఉన్నాయన్నారు కదా అని.

కిందటి నెల, అంటే అరవైమూడు ఏప్రిల్‌లో, షావుకారు శేషగిరిరావు తోటలో తీసిన ఫోటో ఇప్పటిది. నాగమణి అనే కూలిమనిషి చిన్నరసం మామిడికాయను ముచ్చిక దగ్గర ముక్కుకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, పండడానికింకా ఎన్నాళ్ళు పడుతుందో వాసన చూస్తోంది. ఆమె మోకాళ్ళ ముందు గడ్డి పరిచిన కొత్త చెక్కపెట్టె, ఇంకా పేరు వేయనిది. కదలవద్దంటే కదల్లేదు నాగమణి. అయిపోయాక మాత్రం అడిగింది. "నా పేరు కూడా ఏస్తారా అయ్యా?"

"ఫోటోకి పేరేంటే!" అని నవ్వేశాడు ఆరోగ్యం. ఆ అన్నది తన నోరేనని అప్పుడతనికి తోచలేదు.

నెగెటివు కడిగి ఆరబెట్టాక, బొమ్మకు నట్టనడుమ ఉన్న ఆ ఖాళీ పెట్టె అతనికి దేవుడిచ్చినట్టు కనిపించింది. సన్న కుంచెతో ఎర్రరంగు అద్ది, గాజుపలక మీద అక్షరాలు తిరగేసి, కుడినుంచి ఎడమకు, పెట్టె చెక్క మీద రాశాడు: 'జె. ఆరోగ్యం, నూజివీడు'. ఎర్రరంగు వెలుతురును ఆపుతుంది కనక కాగితం మీదికి వచ్చేసరికి సున్నంతో రాసినట్టు తెల్లగా వచ్చింది. ఎంత కుదురుగా వచ్చిందంటే, అక్కడ మొదటినుంచీ ఉన్నట్టే ఉంది. అతని కొంప ముంచింది ఆ కుదురే.

బస్సు పదకొండున్నరకి వచ్చింది. పత్రికల ఏజెంటు నారాయణరావు కట్ట విప్పి, పేజీ తిప్పి, ఆరోగ్యాన్ని ఎగాదిగా చూశాడు.

"పడిందండీ మీ పేరు! చెప్పనే లేదే?"

ఆరోగ్యం పత్రిక లాక్కున్నాడు. అరపేజీ బొమ్మ. నాగమణి ముక్కు, చిన్నరసం, పెట్టె, పెట్టె మీద తన పేరు. ఒక్క అక్షరం పోలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే కింది వరస చదివాడు: 'ప్రముఖ మామిడి వ్యాపారి శ్రీ జె. ఆరోగ్యం గారి తోటలో ఎగుమతికి సిద్ధమవుతున్న చిన్నరసాలు. ఫోటో: మా విలేఖరి.'

"తోటెప్పుడు కొన్నారండీ?" అన్నాడు నారాయణరావు. అతనికి నిజం తెలుసు. అయినా నవ్వు ఆపుకోలేకపోయాడు. "మాకో బుట్ట పంపించరాదూ?"

పక్కనున్న కాఫీ హోటల్లోవాళ్ళు కూడా నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, రోజూ పలకరించేవాళ్ళే. ఆరోగ్యం మింగలేక కక్కలేక పత్రిక మడిచి చంకలో పెట్టుకుని వచ్చేశాడు. దారిలో ఇద్దరు 'షావుకారు గారూ' అని పిలిచారు.

స్టూడియోకి వచ్చి పోస్టుకార్డు తీసి 'అయ్యా, పొరపాటు దిద్దగలరు' అని రాశాడు. రాసి ఆగిపోయాడు. దిద్దితే ఏం దిద్దుతారు? ఆ తోట ఫలానా శేషగిరిరావు గారిదని దిద్దుతారు. పడిన ఒక్క పేరూ పోతుంది. దిద్దకపోతే తను మామిడికాయల వ్యాపారి. కార్డు అలాగే బల్ల మీద ఉంచి, పెన్సిలు తీసుకుని పెళ్ళికూతురి చెంప మీద మిగిలిన మూడు గుంటలూ పూడ్చాడు. ఆ పని బాగానే వచ్చింది.

అన్నం తిన్నాననిపించి లేచేసరికి శేషగిరిరావే వచ్చాడు. స్టూడియో గది ఆయనదే. ఖద్దరు ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటూ, ఫోటోలకోసం కట్టిన తెర ముందు, జనాన్ని కూర్చోబెట్టే కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమయ్యా ఆరోగ్యం, నా తోట నువ్వు కొనేశావంటగా?"

"పొరపాటండీ. ఫోటో తీసినవాడి పేరని రాశానండీ."

"తెలుసులేవయ్యా. నాకేం కోపం లేదు. బొమ్మ బాగుంది. ఓ పని చెయ్యి. ఆ పెట్టె మీద నీ పేరు తుడిచి నా పేరు రాయి. రంగుల్లో చీటీలు అచ్చేయిస్తా. ఈ ఏడు మన సరుకంతా ఆ చీటీ అంటించుకునే పోవాలి."

ఇదే ఆఖరి అవకాశమని తోచింది ఆరోగ్యానికి. "చీటీ అడుగున... చిన్నక్షరాల్లో... తీసినవాడి పేరు వేయిస్తారాండీ?"

శేషగిరిరావు ఎగతాళి చేయలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చెట్టెక్కి కోసినవాడి పేరు వేస్తున్నామటయ్యా? ఫోటోకి పేరేంటి?"

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది ఆరోగ్యానికి. కాసేపటికి గుర్తొచ్చింది, తోటలో తను నాగమణితో అన్నదే. రేపు పొద్దున్నకల్లా కావాలని చెప్పి షావుకారు వెళ్ళిపోయాడు.

ఇన్నమ్మ తలుపు వారగా నిలబడి అంతా విన్నది. "చెయ్యనని చెప్పయ్యా. గది కాకపోతే ఇంకో గది," అంది.

"నా పేరు ఉంటే మాత్రం ఎవరికి అర్థమయిందే?" అన్నాడు. "నువ్వెళ్ళి నూతి నీళ్ళు తీసుకురా. తొట్టి కడగాలి."

ఆమె బిందె తీసుకుని వెళ్ళింది. ఆరోగ్యం నెగెటివు పలక తీసి కిటికీ వెలుగుకు పట్టాడు. తెల్లటి జుట్టు, నల్లటి మొహంతో నాగమణి కాయ వాసన చూస్తూనే ఉంది. దూది కొంచెం తెంపి, నీళ్ళలో తడిపి పిండి, పలక గీసుకుపోకుండా మెల్లగా, చివరి అక్షరం నుంచి మొదలుపెట్టాడు. ముందు ఊరు పోయింది. తర్వాత పేరు. రాయడానికి ఒక పూటంతా పట్టిన పేరు తుడవడానికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆఖరికి ఇంటిపేరు అక్షరం, దాని పక్కన చుక్క. అమ్మ మోసిన పెట్టెలకు లాగానే అది ఉత్త పెట్టె అయిపోయింది. పలకను ఆరబెట్టే చట్రంలో నిలబెట్టాడు. తడారితేగాని కొత్తపేరు రాయకూడదు. అందాకా కాస్త కూర్చుందామని తెర ముందున్న కుర్చీలో కూర్చున్నాడు.

ఇన్నమ్మ నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసి పిలిచింది. పలకలేదు. చూస్తే తల వెనక్కి ఆనించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అతనే రోజూ అందరికీ చెప్పినట్టు, కదలకుండా కూర్చున్నాడు. వేళ్ళ మధ్య దూది ఎర్రగా ఉంది. 'అయ్యో, నెత్తురు' అంటూ ఇన్నమ్మ దాన్ని లాక్కుని వెలుతురుకి పట్టింది. అప్పుడు గాని తెలియలేదు, అది నెత్తురు కాదు, రంగు.

ఆ చుట్టుపక్కల పోయినవాళ్ళను ఎందరినో ఆఖరిసారి అదే కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీశాడతను. అతన్ని తీయడానికి మాత్రం ఎవరూ లేరు. బతికుండగా తీసింది వెతికితే అదీ లేదు.

మర్నాడు సమాధుల తోట నుంచి వచ్చేసరికి శేషగిరిరావు గుమాస్తా పలకకోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్నమ్మ ఇచ్చేసింది. బెజవాడలో ఎవరిచేతో పేరు రాయించారు. చీటీలు రంగుల్లో బాగా వచ్చాయట. చిన్నరసాలు ఆ చీటీలతోనే నాగపూరు వెళ్ళాయి.

గది ఖాళీ చేసేటప్పుడు ఇన్నమ్మ వాలుబల్ల ఇచ్చేసింది, తెర ఇచ్చేసింది, తొట్టి కూడా ఇచ్చేసింది. కిటికీ గట్టు మీద, సగం రాసిన కార్డు పక్కన, ఎండి గట్టిపడిన ఆ దూది ముక్క ఉంది, ఒకవైపంతా ఎర్రగా.