పెత్రమాస బువ్వ

భానుప్రకాశ్ సారు ముప్పయ్యేళ్ళ వ్యాసాలు ఒక్క సంపుటంగా రాబోతున్నాయి. సరిహద్దు కొట్లాటల చరిత్రంటే ఈ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. అట్ట మీదికి శామీర్‌పేట చెరువు దగ్గరి వీరగల్లు ఫొటో కావాలని అల్వాల్‌ నుంచి పొద్దున్నే బస్సులో వచ్చాడు.

తీరా చూస్తే రాయి ఉండాల్సిన చోట లేదు. కొత్త వెంచర్ గేటు పక్కన, బండల కుప్పలో బోర్లా పడి ఉంది.

"రెండేండ్ల సంది దీనికి మొక్కెటోళ్లే లేరు సారు. అందుకే మా సేటు పీకిచ్చిండు," అన్నాడు మేస్త్రీ యాదయ్య. "మా పెద్దోడని ఎవలన్న వస్తే ఇచ్చేస్తం. లేకుంటె రేపు పునాదిల ఏసుడే."

ఎందుకు రావడం లేదో సారుకు తెలుసు. చెరువులో చేపలు పట్టుకుని బతికే మైసమ్మ వాళ్ళు ఆ రాతి మీది కత్తి వీరుణ్ణి తమ తాతగా కొలిచేవారు. ఊరి మీదికి దండు వస్తే అడ్డుపడి చచ్చిపోయాడట. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు చేపల కూర, బువ్వ పెట్టి కల్లు పోసేవారు. ఒక ఏడు సరిగ్గా ఆ విస్తరి ముందరే సారు రాతి మీది అక్షరాలు చదివి వినిపించాడు. వీడు ఊరిని కాచినవాడు కాదు, దండుతో వచ్చి పడ్డవాడు! కనిపెట్టిన సంబరంలో ఎదుటివాళ్ళ మొహాలు చూస్తే కదా. ఆ పూటకు నోరు మూసుకుంటే కొంపేం మునిగేది కాదు.

మైసమ్మ చెరువు గట్టున తట్ట ముందు పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, జల్దీ రా. మా తాతనే అని ఒక్క మాట చెప్పు. రాయి దక్కుతది."

"కాదని నలుగుర్ల చెప్పింది నువ్వే గద సారు?"

"చెప్పిన. తప్పయింది."

"తప్పేంది? ఉన్నదే చెప్పినవు. మావోళ్లను నరికినోనికి గిన్నేండ్లు నా చేతులతోని బువ్వ పెట్టిన. ఇంక పెట్టుమంటవా?"

సారు గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఒక్కటి చెప్పు. గంత పెద్ద బుక్కు రాసినవట. మా తాత యాడ పడ్డడో అండ్ల ఉన్నదా?"

గెలిచిన దొరలూ ఓడిన దొరలూ పేరుపేరునా ఉన్నారు. ఆమె తాత ఏ పేజీలోనూ లేడు.

"లేదవ్వా."

మైసమ్మ తట్ట మీది గుడ్డ తీసింది. లోపల విస్తరాకు, బువ్వ, చేపల కూర, కల్లు సీసా ఉన్నాయి.

"పెత్రమాస ఇయ్యాల్నే సారు," అంది. "పొద్దుగాల్ల వండిన. యాడ పెట్టాల్నో తెలుస్తలేదు."