వెనక అద్దానికి ఎర్రగుడ్డ

ఢిల్లీశ్వరరావుకి రోడ్డు మీద మనుషులంటే ఒళ్లుమంట. ముప్పయ్యేళ్లు రైలింజను నడిపి, రిటైరై బరంపురంలో స్థిరపడ్డాడు. ఆయన దృష్టిలో ఈ ఊళ్లో బండి తోలడం వచ్చినవాడు ఒక్కడే, అదీ తనే. మిగతావాళ్లు మనుషులా? హెల్మెట్టు మోచేతికి తగిలించుకుని, పోలీసు కనబడితే నెత్తిన పెట్టుకునే గుమస్తాలు. కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, ఇక బ్రేకుతో పనేముందన్నట్టు దూసుకుపోయే కుర్రవెధవలు.

"ఈళ్లకి లైసెన్సులిచ్చినోడికి ముందు కళ్లద్దాలియ్యాల" అనేవాడు.

మనవరాలు వాసవీకుమారికి పద్దెనిమిది నిండాయి. లైసెన్సు వచ్చింది, ఛత్రపూర్ కాలేజీలో సీటూ వచ్చింది. స్కూటీ తాళం మాత్రం తాత జేబులోంచి బయటికి రాలేదు. సోమవారం కాలేజీ తెరుస్తారనగా ఆదివారం పొద్దున్నే షరతు పెట్టాడు.

"ఇంజన్లో మాకో పద్ధతుంది. సిగ్నలు ఒకడు పైకి సెప్పాల, రెండోవోడు తిరిగి సెప్పాల. నేను తోల్తాను. నువ్వెనక కూకుని కనబడిందల్లా సెప్పు. ఒక్కటి వదిలేసినా తాళం నేదు."

ఇద్దరూ హెల్మెట్లు బిగించుకుని బయల్దేరారు.

"ముందు ఆవు!"

"ఆవు!"

"ఎడంపక్క రిక్షా!"

"రిక్షా!"

రిక్షావాడు పళ్లికిలించాడు. వాసవికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా తాళం కావాలి కదా, అరుస్తూనే ఉంది.

హైవే ఎక్కాక ముందు ఇటుకల ట్రాక్టరొకటి నత్తలా పోతోంది. ఢిల్లీశ్వరరావు దాన్ని తిట్టుకుంటూ బండిని కుడికి లాగాడు.

"తాతా, ఎనక బస్సు!"

ఆయనింకా ట్రాక్టరునే తిడుతున్నాడు.

"ఎనక బస్సు తాతా!" అంటూ ఆయన భుజం పట్టుకుని ఎడమకి గుంజింది. స్కూటీ వంకర్లు తిరుగుతూ పోయి రోడ్డు పక్క ఇసకలో ఆగింది. బస్సు రయ్యిమని వాళ్లని రాసుకున్నట్టే పోయింది.

"గాడిద కొడుకు! హారనైనా కొట్టలేదు!"

"కొట్టాడు. నేనూ రెండుసార్లు సెప్పాను. నువ్వు తిరిగి సెప్పలేదు. అద్దంలో సూసావా?"

ఆయన అద్దం వైపు తిరిగాడు. అద్దం లేదు, ఎర్రగుడ్డ ఉంది. తారాతారిణి అమ్మవారి కొండ మీంచి ఆయన భార్య మహాలక్ష్మమ్మ తెచ్చి, బండికి దిష్టి తగలకూడదని అద్దం చుట్టూ ముడేసింది. ఆర్నెల్లయింది. ఎండకి గుడ్డ వెలిసిపోయింది కూడా. ఆర్నెల్లూ ఊరందరినీ తిడుతూ ఆ బండే తోలాడు, ఒక్కసారీ అద్దం వైపు కన్నెత్తలేదు. పట్టాల మీద వెనకనించి వచ్చి దాటిపోయేవాడు ఎవడుంటాడు? ముప్పయ్యేళ్లూ ముందుకే చూసిన కళ్లు. తను వెక్కిరించిన వెధవల్లో తనే పెద్ద వెధవని తెలిసి ఆయనకి నిలువునా సిగ్గేసింది. పిల్లని చంపబోయాడు.

ముడి విప్పి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళం లాగి వాసవి అరచేతిలో పెట్టాడు.

"పరీక్ష అయిపోనాదా తాతా?"

"అయిపోనాది. తప్పినోడు ఎనక కూకుంటాడు. నువ్వు తోలు."

ఆమె అద్దం సరిచేసుకుంది. ఆయన వెనక సర్దుకుని కూర్చుని, మెడ తిప్పి రోడ్డు చూశాడు.

"ఎనక లారీ!" అని అరిచాడు.

"లారీ!" అంది వాసవి, అద్దంలోకి చూస్తూ. లారీ పోయేదాకా కదల్లేదు.