మావయ్యకి కప్పిన శాలువా

"ఆడుకోవచ్చు," అంది డాక్టరమ్మ.

కొరాపుట్ ఆస్పత్రి గదిలో ఆవిడ ఎదురుగా కూర్చున్న ముగ్గురూ ఆ మాట ఎవరికి చెప్పిందో తెలియనట్టు చూశారు. డాక్టరమ్మ స్కాన్ ఫిల్మును వెలుగుకి పట్టుకుని, ఒడియా, హిందీ కలిపి మళ్ళీ చెప్పింది. మల్లేశ్వరరావు పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బిన చోట, పోయినేడు విశాఖపట్నంలో లోపల అమర్చిన గొట్టం చక్కగా కుదురుకుంది. రక్తం ఎక్కడా పక్కకి కారడం లేదు. ఉబ్బు కూడా తగ్గుతోంది. బీపీ మాత్రలు మానకూడదు, చుట్ట మళ్ళీ ముట్టకూడదు, బరువులెత్తకూడదు. నడక బాగానే సాగుతోంది కాబట్టి ఇక షటిల్ మొదలుపెట్టొచ్చు, మెల్లగా, డబుల్స్ మాత్రమే.

"నొప్పి వస్తే ఆపేసి నా దగ్గరికి రండి. భయపడి మాత్రం కూర్చోకండి."

"మరి స్మాషో?" అన్నాడు మల్లేశ్వరరావు.

"దానికింకా టైముంది."

హోంవర్కు ఎక్కువిచ్చిన టీచరు వైపు చూసినట్టు చూశాడాయన ఆవిడ వైపు. ప్రవీణకి నవ్వాగలేదు. కోడలు నవ్వుతుంటే మావయ్య కూడా నవ్వేశాడు, పొట్ట కదిలేలా, గట్టిగా. ఆ నవ్వు ఎలా ఉంటుందో ప్రవీణ చూడ్డం అదే మొదలు.

ఎందుకు మొదలో చెప్పుకోవాలి. పెళ్ళయి రాయగడ వచ్చిన మర్నాడే అత్తగారు లక్ష్మీదుర్గ వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది. "అమ్మీ, మీ మావయ్యకి కడుపులో బుడగుంది. గట్టిగా నవ్వించీకు." ప్రవీణ బిత్తరపోయింది. అప్పటినుంచీ చూస్తూనే ఉంది. రైల్వే సిగ్నళ్ళ పనిలో స్తంభాలెక్కి బతికిన మనిషి చేతిలోంచి మంచినీళ్ళ చెంబు లాగేసుకుంటారు. చెప్పులు కిందపడితే ఎవరో పరిగెత్తుకొచ్చి తొడుగుతారు. గుమ్మం దాటితే "ఎక్కడికి?" అని రెండు గొంతులు లేస్తాయి. ఆయన మారుమాటాడకుండా వెనక్కొచ్చి కూర్చునేవాడు. ఆ నడక కూడా డాక్టర్లు గట్టిగా చెప్పబట్టి ఒప్పుకున్నదే. అదైనా డాబా మీద, పక్కన కాపలాతో.

అందుకే తిరుగు రైల్లో ప్రవీణ కాలు నిలవలేదు. కిటికీ పక్క సీటు దొరికింది, అదొక ఆనందం. ఆకు దొన్నెలో వేడి వడలు దొరికాయి, అదింకొకటి. కొండల్లో సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ చీకటవుతుంది, చీకటైనప్పుడల్లా భర్త సిద్దు చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంటుంది, వెలుగు రాగానే ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోతుంది. ఈ లైను వేసినవాళ్ళెవరో కొత్తగా పెళ్ళయినవాళ్ళే అయుంటారనుకుంది. ఎదుటి సీట్లో మావయ్య ఉత్త గాలిలో మణికట్టు తిప్పుతూ సర్వీసు వేసుకుంటున్నాడు. సొరంగాల మధ్య సిగ్నలు దొరికినప్పుడల్లా సిద్దు ఫోన్లో ఏదో కొడుతున్నాడు. శుభవార్త కదా, అందరికీ చెబుతున్నాడనుకుంది.

రాయగడలో దిగాక సిద్దే అన్నాడు, "క్లబ్బు మీంచి పోదాం నాన్నా."

క్లబ్బంటే గంగరాజు ఉల్లిపాయల గోదాం వెనక ఉన్న సిమెంటు కోర్టు. ఆ కోర్టులో ఇరవయ్యేళ్ళపాటు గంగరాజు, మల్లేశ్వరరావు ఒకే జోడీ. మావయ్య ఆటోలోంచి దిగిన వేగం చూసి ప్రవీణ మురిసిపోయింది.

కోర్టు పక్కన చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేసుంది. దాని మీద బంతిపూల దండ, శాలువా. ఆటగాళ్ళంతా వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు.

"రా రా, మల్లేసూ!" గంగరాజు ఎదురొచ్చి దండ వేశాడు, శాలువా కప్పాడు. "ఈరోజు నుంచి మన క్లబ్బుకి నువ్వే గౌరవాధ్యక్షుడివి. ఆడ్డానికి మేవున్నాం. నువ్వు కుర్సీలో కూకోని పాయింట్లు సెప్పు, సాలు."

మావయ్య కోర్టు వైపు చూశాడు. తన చోట ఎవరో కుర్రాడు నిలబడున్నాడు. ఆయన శాలువా సర్దుకుని, మర్యాదగా కుర్చీలో కూర్చున్నాడు.

ఆ మర్యాదే ప్రవీణకి ఒళ్ళు మండించింది.

"చినమావయ్య గారూ, డాక్టరు ఆడుకోమన్నారు," అంది గంగరాజుతో.

"తెలుసమ్మీ. సిద్దు మెసేజెట్టేడు కదా, 'ఆడొచ్చంతన్నారు, మీరే ఏదోటి సెయ్యండి' అనీసి. అందుకే అర్జెంటుగా శాలువా తెప్పించేను."

ప్రవీణ భర్త వైపు తిరిగింది. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో కొట్టింది ఇదా, అనుకుంది.

"సిద్దూ, సొరంగాల మధ్య నువ్వు చేసిన పని ఇదేనా?"

కుర్రాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. సిద్దు ముఖం ఎర్రబడింది. "విశాఖలో ఆ గాజు తలుపు బయట కూర్చున్నది నేను. నువ్వు కాదు."

"ఆయన ఆ తలుపు తీసుకుని ఎప్పుడో వచ్చేశారు. నువ్వే ఇంకా అక్కడ కూర్చున్నావు."

"కొత్త కోడలివి, నీకు తెలీదమ్మీ," గంగరాజు సర్దబోయాడు. "కోర్టులో ఏదైనా అయితే?"

"ఇంతకుముందు కోర్టులో ఎప్పుడైనా పడిపోయారా? కిడ్నీలో రాళ్ళేమో అని స్కాన్ తీయిస్తే బయటపడింది ఇది. వైద్యం చెయ్యనప్పుడు మీ పక్కన రోజూ గెంతులేసేవారు, అప్పుడు ఎవరికీ భయం లేదు. బాగుచేయించుకుని వస్తే కుర్చీ వేస్తారా? ఇది గౌరవం కాదు, గెంటెయ్యడం. దండేసి మరీ గెంటెయ్యడం!"

అత్తవారి ఊళ్ళో నలుగురు మగాళ్ళ మధ్య ఇంత మాట అనగలనని ఆమెకే తెలియదు. చెట్టు కింద ఆటోవాడు కూడా ఇంజను ఆపి వింటున్నాడు.

కుర్చీ కిర్రుమంది. మావయ్య లేచాడు. దండ తీసి నెట్టు కడ్డీకి తగిలించాడు. శాలువా మడతపెట్టి గంగరాజు భుజాన వేశాడు.

"ఒరే గంగూ, నీకు సుగరు. మోకాళ్ళు రెండూ కిర్రుకిర్రుమంటాయి. నీకెవుడైనా కుర్సీ ఏసేడేట్రా?"

"అది కాదు మల్లేసూ..."

"ఏటి కాదు? ఇన్నాళ్ళూ ఇంట్లో గాజుబొమ్మలా కూకోబెట్టేరు, పోన్లే ఇంటోళ్ళని ఊరుకున్నాను. నువ్వు కూడానేట్రా? నా ఎనకాల ఏ షాటొస్తాదో సూడకండానే తెలిసీది నీకు. అలాటోడివి, నన్నొక్క మాట అడగకండా నా చోటు ఇచ్చీసేవు."

గంగరాజు శాలువా అంచు నలుపుతూ తల దించుకున్నాడు. "బయిమేసిందిరా," అన్నాడు.

"నాకూ ఏసింది. డాక్టరు కాడికి ఎల్లొచ్చేను. ఇంకేటి సేత్తాను?"

సిద్దు ముందుకొచ్చి "నాన్నా, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు.

"ఇక్కడే మాటాడతాను. నువ్వు దాపరికంగా పెట్టిన మెసేజికి నేను అందరి ముందూ జవాబు సెప్తాను." మల్లేశ్వరరావు కోర్టు మధ్యకి నడిచి, నెట్టు ఎత్తు చేత్తో సరిచూసి, ఇటు తిరిగాడు. "రేపు పొద్దున్న ఆరింటికి. ఇటేపు నేనూ, నా కోడలూ. అటేపు గంగూ, నువ్వూ. మెల్లగా ఆడతాను, స్మాష్ కొట్టను, అలుపొస్తే నేనే ఆపుతాను."

"మావయ్యా, నాకు బ్యాటు పట్టుకోవడమే రాదు," అంది ప్రవీణ.

"అయితే అయిదున్నరకే వచ్చీ, అమ్మీ. నేర్పుతాను."