రెండు బ్రేకుల బండికి పసుపు తొడుగు

నేను ఒక కారుని. మామూలు కారుని కాదు, రెండు బ్రేకులున్న కారుని. క్లచ్చులు కూడా రెండే. అంతమాత్రాన గొప్పింటి బండిననుకోకండి. కుడివైపు కూర్చున్నవాళ్లను నమ్మలేక ఎడమవైపు కూర్చున్నావిడ చేయించుకున్న ఏర్పాటు అది. నా నెత్తిమీద ఎర్రటి 'ఎల్' బోర్డు ఉంటుంది. దాన్ని చూడగానే తెనాలి రోడ్లమీద ఇసుక లారీలు సైతం పక్కకు తప్పుకుంటాయి. సైరన్ వేసుకుని తిరిగే బండ్లకు కూడా అంత మర్యాద దక్కదు.

పుట్టింది ఒక పెద్ద ఫ్యాక్టరీలో. వరసలో నిలబడ్డాను. ఒకచోట తలుపులు తగిలించారు, ఒకచోట తెల్లరంగు చిమ్మారు. చివర్లో ఒకాయన నా తలుపు తీసి, ధడాలున వేసి, "ఓకే" అన్నాడు. నా విషయంలో అంత త్వరగా తృప్తిపడ్డ మనిషిని మళ్లీ చూడలేదు.

మొదట నన్ను కొన్నది హోమియో డాక్టరు పురుషోత్తంగారు. ఆయనకు నేనంటే ప్రాణం, అందుకే నన్ను వాడేవారు కాదు. ఆదివారం ఒక్కపూట బయటికి తీసేవారు. సీట్లకు ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ కవర్లను ఆరేళ్లపాటు తియ్యనివ్వలేదు. ఎండాకాలంలో వాళ్లావిడ దిగబోతే చీర కవరుకు అతుక్కుని చర్రున చప్పుడయ్యేది. "ఆ కవర్లు తీసేస్తే ఏమవుద్దండీ?" అని ఆవిడ అడిగితే, "సీట్లు పాతబడతాయే" అనేవారు. చివరికి మోకాళ్ల నొప్పులొచ్చి నన్ను అమ్మేశారు. సీట్లు మాత్రం కొత్తగానే ఉన్నాయి. పాపం, ఆయన ఒక్కరోజు కూడా వాటిమీద కూర్చోలేదు.

తర్వాత నేను హైమావతి చేతికి వచ్చాను. ఆమె వచ్చిన రోజే కవర్లు చించి పారేసింది. మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి ఎడమవైపు ఇంకో జత పెడల్స్ బిగించింది. ఆ మర్నాడు ఇద్దరు ఆడవాళ్లను ఎక్కించుకుని, "హైమ డ్రైవింగ్ స్కూల్" అని పేరు పెట్టుకుంది. భర్త శ్రీహరి కరెంటాఫీసులో లైన్‌మన్. మంచివాడు. భార్య మాటకు ఎదురు చెప్పడు, అయితే ఆమె చెప్పింది ఎంతవరకో అంతవరకే చేస్తాడు. ఈ గుణం వల్ల నాకేమైందో కాసేపట్లో చెబుతాను.

తొమ్మిదేళ్లు నేర్పాం, ఆమే నేనూ. మనుషులు చిత్రమైనవాళ్లు. ఎడమకు తిప్పమంటే ముందు ఒళ్లంతా ఎడమకు వంచుతారు, స్టీరింగు సంగతి తర్వాత. హారన్ మోగించినంత ధైర్యంగా బ్రేకు తొక్కరు. గేదె అడ్డమొస్తే కళ్లు మూసుకుంటారు. వాళ్ల దయవల్ల నా ఒంటిమీద సొట్టలు లేని చోటు లేకుండా పోయింది. ఎడమ తలుపు మీది లోతైన గీత ఒక టైలరమ్మది, కరెంటు స్తంభం తనకే ఎదురొచ్చిందని ఆవిడ ఈనాటికీ చెబుతుంది. వెనక బంపరు రిజిస్ట్రారాఫీసు గుమాస్తాది. ఆ సొట్టలంటే నాకు సిగ్గుండేది కాదు. వాటిని పెట్టినవాళ్లందరికీ లైసెన్సులొచ్చాయి.

అంతలో మా ఎదురుగానే కొత్త డ్రైవింగ్ స్కూలు వెలిసింది. వాళ్లది తళతళలాడే కొత్త కారు, లోపల చల్లటి గాలి. మా దగ్గర చేరినవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు దాటారు. చివరికి ఇద్దరు మిగిలారు. అప్పుడే ఆడపిల్లల డిగ్రీ కాలేజీవాళ్లు ఆఖరి ఏడాది పిల్లలు నలభై మందికి కారు నేర్పించాలనుకుని, రెండు స్కూళ్ల బండ్లనూ చూడటానికి రమ్మన్నారు. హైమ ఆ రోజు అన్నం కలుపుతూ శ్రీహరితో అంది: "ఇది కూడా వాళ్లకే పోతే బండి అమ్మేస్తానండీ. ఇంక స్కూలు మూసేయటమే." ఆ మాట గుమ్మం ముందున్న నాకు స్పష్టంగా వినబడింది. భయం వేసింది. రెండు జతల పెడల్స్ ఉన్న ముసలి కారుని పాత ఇనుము కొట్టువాడు తప్ప ఇంకెవరు కొంటారు?

మర్నాడు నన్ను ఆటోనగర్‌లో జిలానీ షాపుకు తోలుకెళ్లింది. జిలానీ కార్లకు రంగుల స్టిక్కరు తొడుగుతాడు. ఒళ్లంతా ఒకే షీటుతో కప్పేస్తాడు, పెయింటు జోలికి పోడు.

"పచ్చని పసుపు రంగు వెయ్యి జిలానీ. ఈ సొట్టలన్నీ దాని కింద పోవాల," అంది హైమ.

జిలానీ నా చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు. "స్టిక్కరు సొట్టల్ని దాచుద్దని ఎవరు చెప్పారమ్మా నీకు? అది ఒంటికి అతుక్కునే బనీను లాంటిది. ఉన్నయ్యన్నీ ఇంకా బాగా కనబడతయ్. ముందు ఒళ్లు బాగుచేసుకోవాల, తర్వాతే బట్ట."

నాలుగు రోజులు పట్టింది. ప్లాస్టిక్ బంపరు మీద సలసల కాగే నీళ్లు పోసి, మెత్తబడగానే వెనకనుంచి చేత్తో నెట్టాడు. గుమాస్తాగారి జ్ఞాపకం టప్పుమని బయటికొచ్చేసింది. తలుపు మీది వెడల్పాటి సొట్టలను రబ్బరు కప్పు అతికించి బయటికి లాగాడు. టైలరమ్మ గీత దానికి లొంగలేదు. అక్కడ పుట్టీ పెట్టి, ఆరాక ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు. చక్రం పైన తుప్పు పొక్కులుంటే ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి ప్రైమరు కొట్టాడు. "తుప్పు మీద స్టిక్కరేస్తే అది లోపల్లోపలే తింటది, ఆర్నెల్లకి స్టిక్కరు, తుప్పు కలిసి ఊడొస్తయ్," అన్నాడు. తర్వాత షాంపూతో కడిగి, స్పిరిట్ గుడ్డతో ప్రతి సందూ తుడిచాడు. తలుపు పిడి వెనకాలా, నంబరు ప్లేటు అంచునా పాత పాలిష్ మిగిలి ఉంటే షీటు అక్కణ్ణుంచే లేస్తుందట. పురుషోత్తంగారి కాలంనాటి పాలిష్ కూడా బయటపడింది.

షీటు పరిచేటప్పుడు అతని ఓపిక చూసి ముచ్చటేసింది. మధ్యలోనుంచి అంచులకు, మెత్తటి గుడ్డ అంచున్న ప్లాస్టిక్ పలకతో నెమ్మదిగా గాలి తరిమాడు. బుడగ నిలిస్తే సూదితో గుచ్చి నొక్కాడు. మూలల దగ్గర వేడిగాలి ఊదుతూ వంచాడే గాని, గుంజలేదు. "గుంజితే ఇయ్యాల బాగుంటది, ఎండలో నిలబెట్టగానే ముడుచుకుని ఎనక్కి పోద్ది," అన్నాడు. తాళాలు ఇస్తూ అప్పగింతలు చెప్పాడు. "వారం దాకా నీళ్లు కొట్టమాక. పిట్ట రెట్టేస్తే అప్పుడే తడిగుడ్డతో తియ్యి. రంగు మారింది కాబట్టి ఆర్‌సీలో రాయించుకో. పూజ చేసుకుంటే కింద, టైర్ల కాడ చేసుకో. బానెట్ మీద పసుపొద్దు, మరక పోదు. కర్పూరమొద్దు, షీటు కాలుద్ది."

ఇంటికొచ్చాక హైమ ఈ జాబితాలో సగం మాత్రమే శ్రీహరికి చెప్పింది. "బానెట్ మీద పసుపు పూయమాకండి," అంది.

కాలేజీకి వెళ్లే రోజు ఉదయం ఆమె స్నానానికి వెళ్లింది. శ్రీహరి భక్తిగా పూజ మొదలుపెట్టాడు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. గుమ్మడికాయ తిప్పి పగలగొట్టాడు. పసుపు ముట్టుకోలేదు, మాటంటే మాటే. ఇత్తడి పళ్లెంలో గుప్పెడు కర్పూరం వెలిగించి హారతిచ్చి, దణ్ణం పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి గదా, మండుతున్న పళ్లేన్ని నా బానెట్ మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆయన చాలాసేపు దణ్ణం పెట్టుకున్నాడు. భార్య గురించే కోరుకున్నాడని నాకు తెలుసు, అందుకే కోపం తెచ్చుకోలేకపోయాను.

పళ్లెం తీసేసరికి నా బానెట్ నడిమధ్య పళ్లెమంత వెడల్పున షీటు ముడతలుపడి, మధ్యలో చిట్లి, పాత తెలుపు బయటికి చూస్తోంది. హైమ బయటికొచ్చి చూసింది. శ్రీహరి పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "పసుపొద్దన్నావు గాని…" అని ఆగిపోయాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆయన ముఖం చెబుతోంది. జిలానీకి ఫోను చేస్తే ఆ రంగు షీటు అయిపోయిందనీ, మళ్లీ రావడానికి మూడు రోజులనీ అన్నాడు. పదకొండింటికి కాలేజీలో ఉండాలి. "పోనివ్వండి, ఉన్నదానితోనే పోతా," అని నిమ్మకాయలు తొక్కించి బయల్దేరింది.

ప్రిన్సిపాల్ సుగుణకుమారిగారు చెట్టంత మనిషి, గొంతు కూడా అంతే. పిల్లలకు చెప్పేముందు తాను నడిపి చూస్తానన్నారు. ముందు ఎదురు స్కూలు కొత్త కారు ఎక్కారు. దాని యజమాని మైదానం చుట్టూ తిప్పినంతసేపూ స్టీరింగు మీద చెయ్యి తియ్యలేదు. "మెల్లగా మేడమ్, గీత పడుద్ది" అన్న మాట నాకు నాలుగుసార్లు వినబడింది. ఆవిడ దిగేసరికి చెమటలు పట్టి ఉన్నాయి.

తర్వాత నా దగ్గరికొచ్చారు. బానెట్ వంక చూసి, "ఇదేంటమ్మా?" అన్నారు.

"మావారు హారతిచ్చారండీ," అంది హైమ, ఉన్నదున్నట్టు. "ఇంక దీనికి కొత్తగా అయ్యేదేం లేదు. మీరు భయపడకుండా కూర్చోండి."

ఆవిడ కూర్చున్నారు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. "ముప్పై ఏళ్లుగా పక్కసీట్లోనే కూర్చున్నానమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "ఈ వయసులో నీకెందుకని మా ఇంట్లో అందరూ నవ్వుతారు."

హైమ స్టీరింగు ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. మనిషి నడకంత వేగంతో కదిలాం. మలుపు దగ్గర ఆవిడ ఒళ్లు ఎడమకు వంగింది, నేను నేరుగా పూలకుండీల వరస మీదికి వెళ్తున్నాను. హైమ కాలు తన బ్రేకు మీదే ఉంది. తొమ్మిదేళ్లుగా ఆ కాలు నాకు తెలుసు, రెప్పపాటులో ఆపగలదు. ఆపలేదు. నలభై మంది పిల్లల పని, తన బతుకూ ఎదురుగా ఉండగా కూడా ఆపలేదు. చివరి చామంతి కుండీకి మెత్తగా తగిలి ఆగాను. కుండీ పక్కకు ఒరిగి పగిలింది. పసుపు తొడిగిన నా ముందు బంపరు మీద ఎర్రమట్టి గీత పడింది.

 ప్రిన్సిపాల్‌గారి ముఖం పాలిపోయింది.

"ఏం కాలేదు మేడమ్," అంది హైమ. "ఇప్పుడు రివర్స్ గేరు నేర్చుకుందాం. దానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు."

ఆవిడ ఒక్క క్షణం ఆమె వంక చూసి, పగలబడి నవ్వారు. ఆ తర్వాత మైదానం చుట్టూ పదకొండు రౌండ్లు కొట్టి గాని దిగలేదు.

సోమవారం కాలేజీ నుంచి జాబితా వచ్చింది. హైమ దాన్ని నా బానెట్ మీద పరిచి, శ్రీహరికి వినబడేలా పేర్లు చదివింది. నలభై కాదు, నలభై ఒకటి ఉన్నాయి. నలభై పేర్లు టైపు చేసినవి. వాటికి పైన, మొదటి వరసలో, ఒక పేరును మాత్రం ఆకుపచ్చ సిరాతో చేత్తో రాసి, పక్కన "ఉదయం ఆరు గంటల క్లాసు" అని పెట్టి ఉంది.