వాడిపోని ఆకు చిలకలు

లావణ్యకు సర్దడం ఒక జబ్బు. ఈ మాట అన్నది వాళ్ళాయన. పెళ్ళయిన కొత్తలో ఆమె ఆయన చొక్కాలన్నీ రంగుల వారీగా, ఆ రంగుల్లో మళ్ళీ గళ్ళవీ చారలవీ విడదీసి పేర్చి పెడితే, ఏది తీస్తే ఏ వరస చెదురుతుందోనని భయపడి పాపం ఆయన మూడు రోజులు ఒకే చొక్కాతో ఆఫీసుకు వెళ్ళాడు. అలాంటి మనిషికి మామిడికుదురు దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటి, రెండు తరగతులు కలిపి అప్పజెప్పారు. మొదటి రోజు ఆ గదిలో బీరువా తలుపు తీయగానే చింతపిక్కలు జలజలా వచ్చి ఆమె కాళ్ళ మీద పడ్డాయి.

ఎన్నేళ్ళ సరుకో అది. కొబ్బరి చిప్పలు, సీసా మూతలు, గవ్వలు, చీపురు పుల్లలు, తోక ఊడిన మట్టి ఎద్దు, శుభలేఖలు కత్తిరించి చేసిన పూలు, ఎవరో అల్లడం మొదలుపెట్టి విసుగొచ్చి వదిలేసిన బుల్లి చాప. ఇంకొకరైతే తలుపు మూసేసి సుద్దముక్క పట్టుకునేవారు. లావణ్య మాత్రం కొంగు బిగించింది. దసరా సెలవులు అయ్యేసరికి చింతపిక్కలు ఒక డబ్బాలో, గవ్వలు ఒక డబ్బాలో, చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టలుగా కుదురుకున్నాయి. ప్రతి డబ్బా మీదా గుండ్రటి అక్షరాలతో ఒక చీటీ, చీటీ పక్కన చిన్న బొమ్మ. గొళ్ళెం ఊడిపోయిన బీరువా తలుపుకు ఎర్ర రిబ్బను కట్టి ముడేసింది. పనంతా అయ్యాక ఎదురుగా బల్ల మీద కూర్చుని పావుగంట దాన్నే చూసింది. అంత బాగుంది మరి.

కింది రెండు అరలూ చేతిపనుల నమూనాలకు. శనివారం పిల్లలు పుస్తకాల సంచి లేకుండా వస్తారు కాబట్టి, ఆ రోజు దొరబాబును పిలిపించింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే సత్యవేణి భర్త అతను. కొబ్బరి దింపులు తీస్తాడు, చేతిలో ఆకు ఉంటే ఊరుకోలేడు. పిల్లల మధ్య మఠం వేసుక్కూర్చుని లేత కొబ్బరాకుతో బూర, పాము, బంతి, చిలక, గడియారం అల్లి ఇచ్చాడు. పిల్లలు సాయంత్రం దాకా గడియారాలు పెట్టుకుని ఒకరినొకరు టైము అడుక్కున్నారు. లావణ్య మట్టుకు అయిదు నమూనాలు విడిగా తీసి, అయిదు పెట్టెల్లో పెట్టి, వాటికీ పేరు చీటీ, బొమ్మా అంటించి, పురుగు పట్టకుండా పెట్టెకు రెండేసి కలరా ఉండలు వేసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లావణ్యది కర్నూలు. కొబ్బరికాయ గుడిలో కొట్టడం ఆమెకు తెలుసు, పచ్చడి చేయడం తెలుసు. కొబ్బరాకు సంగతి తెలీదు. పచ్చి ఆకుతో అల్లిన చిలక రెండో రోజుకు రంగు తగ్గి, మూడో రోజుకు ముక్కు వంగి, నాలుగో రోజుకు గొంగళిపురుగులా ముడుచుకుపోతుందని కోనసీమలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. లావణ్యకు ఎవరూ చెప్పలేదు. వారం తర్వాత పెట్టె తీసి చూస్తే చిలక పచ్చగా ఉంది. రెండు వారాలకూ పచ్చగానే ఉంది. కలరా ఉండల్లో ఇంత మహత్యం ఉందా అనుకుని ఆమె ఇంకో పొట్లం కొంది.

బీరువా సంగతి అలా ఉండగా, బడి సంగతి వేరుగా ఉంది. మొత్తం పిల్లలు సరిగ్గా ఇరవై మంది. ఒక్కరు తగ్గినా రెండో టీచరు పోస్టు ఉండదు, ఆ రెండో టీచరు లావణ్యే. మూడుసార్లు డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం. ఉద్యోగం పోదు, ఎక్కడికో పంపిస్తారు. కానీ ఈ గదినీ, ఇందులోని పదకొండుమంది పిల్లలనూ వదిలి వెళ్ళడం అనే మాటే ఆమెకు గిట్టేది కాదు. ఇంత త్వరగా ఇంత ఇష్టం ఎలా పుట్టుకొచ్చిందో ఆమెకే తెలీదు.

ఊగిసలాడుతున్న ఆ ఇరవయ్యో పిల్ల రెండో తరగతి బ్లెస్సీ. ఇంట్లో వాగుడుకాయ, బళ్ళో మూగనోము. చదవమంటే పుస్తకం కేసి చూస్తుంది, ఆ తర్వాత కాళ్ళ వేళ్ళ కేసి చూస్తుంది. తండ్రి శ్యామ్ బాబు దోహాలో ఎలక్ట్రీషియన్, తల్లి అమలాపురంలో నర్సు. పిల్లను చూసుకునేది నాన్నమ్మ ఎలీసమ్మ. ఆవిడ చీపుళ్ళు కట్టి అంగళ్ళకు వేస్తుంది. తెల్లవారి ఏడింటికే మోపు తీసుకుని బయల్దేరుతూ, పిల్లను బడి దగ్గర సత్యవేణికి అప్పగించి వెళ్తుంది.

"నా మనవరాలికి ఒక్క ముక్కా రాలేదండి టీచరమ్మగారూ," అని దసరా తర్వాత ఆవిడ రెండుసార్లు వచ్చి చెప్పింది. "మావోడు ఫోనులో అడుగుతున్నాడండి, వేన్ వచ్చే బడిలో వేసెయ్యమ్మా అని."

"కొంచెం టైము ఇవ్వండి మామ్మగారూ," అని లావణ్య రెండుసార్లూ బతిమాలింది.

నవంబరులో కాంప్లెక్స్ మీటింగు జరిగింది. చుట్టుపక్కల బళ్ళ టీచర్లందరూ నెలకోసారి కూర్చుని తమ బోధనోపకరణాల గురించి చెప్పుకునే సమావేశం అది. లావణ్య తన బీరువా ఫోటోలు చూపించింది. అందరూ మెచ్చుకున్నారు. అంతటితో కూర్చుంటే బాగుండేది. కొబ్బరాకు నమూనాలు నెలరోజులైనా వాడిపోకుండా ఎలా కాపాడుతోందో కూడా చెప్పింది.

గదిలో ఒక్కరూ నవ్వలేదు. గోదావరి జిల్లా వాళ్ళు అంత తేలిగ్గా నవ్వరు. ముందు వరసలో కూర్చున్న సురేంద్ర మాస్టారు చాలా మర్యాదగా పెన్ను మూత తీశాడు.

"పెట్టెకి ఎన్ని ఉండలంటారండి?"

"రెండు సార్."

"ఆయ్. చిలక్కీ రెండేనాండి, పాముక్కూడానా? పాము పొడుగు కదండీ, ఇంకోటి పడుతుందేమో."

"పాముకు మూడు వేయొచ్చు సార్," అంది లావణ్య ఆలోచించి.

"రాసుకున్నానండి," అన్నాడాయన. వెనక వరసల్లో నలుగురు రాసుకున్నారు. లావణ్య పక్కనే కూర్చున్న హెడ్మాస్టరు వరప్రసాదం గారు మాత్రం ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తూ ఉండిపోయారు. ఆయన ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. అందువల్ల నిజం చెప్పాల్సిన చోట చాలాసార్లు ఫ్యాను చూస్తూ ఉంటారు.

ఆ వారమే శుక్రవారం సాయంత్రం ఎలీసమ్మ మూడోసారి వచ్చింది. ఈసారి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"రేపొచ్చి టీసీ తీసుకెళ్ళిపోతానండి. మీ మీద కోపం లేదండి, మా పిల్ల రాతే అంత."

ఆవిడ వెళ్ళాక లావణ్య ఏడవలేదు. సర్దింది. కష్టం వచ్చినప్పుడు కొందరు తింటారు, కొందరు పడుకుంటారు, ఆమె సర్దుతుంది. కింది అరల్లో పెట్టెలన్నీ బయటికి తీసి, ఇక అక్షరాల వరసలో ఉండాలని మళ్ళీ పేర్చింది. రెండో తరగతి వాళ్ళు ఇంకా ఎన్నాళ్ళు బొమ్మలు చూసి గుర్తుపడతారని చీటీల పక్కనున్న బొమ్మలన్నీ పీకేసింది. లోపలున్న చిలకా పామూ వగైరా ఒక పళ్ళెంలో పోసి, రేపు పెట్టొచ్చులే అని పై అరలో పెట్టింది. చేతికి ఇంకా పని కావాలనిపించి ఖాళీ పెట్టె ఒకటి తీసి, దానికి 'చేప' అని చీటీ అంటించింది. చేప ఇంకా లేదు. దొరబాబును అడిగి చేయించాలి. రేపటి నుంచి ఈ గదిలో తను ఎన్నాళ్ళుంటుందో తెలియకపోయినా, చేప పెట్టె మాత్రం సిద్ధంగా ఉంది. ముడేసి ఇంటికి వెళ్ళింది.

శనివారం మామూలుకంటే ముందొచ్చి ఎర్ర రిబ్బను విప్పింది. పళ్ళెం కోసం చేయి చాచబోయి ఆగిపోయింది. పళ్ళెం ఖాళీగా ఉంది. గడియారం 'గడియారం' పెట్టెలో ఉంది. చిలక 'చిలక' పెట్టెలో, పాము 'పాము' పెట్టెలో, బంతీ బూరా వాటి వాటి పెట్టెల్లో. అన్నీ పచ్చగా, చేత్తో తాకితే ఇంకా తడిగా ఉన్నాయి. కొత్త పెట్టెలో ఒక చేప ఉంది. రెండు రెక్కలు, చీలిన తోక, కన్ను ఉండాల్సిన చోట చిన్న చిల్లు.

లావణ్య ఆ చేపను అరచేతిలో పెట్టుకుని నిలబడిపోయింది. కలరా ఉండలు ఆకును కాపాడితే కాపాడతాయేమో. చేపను అల్లలేవు కదా.

వంట షెడ్డులోకి వెళ్ళి ఆ చేపను సత్యవేణి ముందు పెట్టింది. సత్యవేణి దాన్ని చూసి, బియ్యం చాటలో తల దూర్చింది.

"చెప్పండి సత్యవేణిగారూ. ఎవరు?"

"చెప్పొద్దందండి పిల్ల."

"ఏ పిల్ల?"

"బ్లెస్సీ అండి. మొదటి చిలకకి మూడో రోజుకే ముక్కు వంగిపోయిందండి. టీచరుగారు బాధపడతారని పొద్దున్నే కొత్తది అల్లి పెట్టేసింది. మీరేమో దాన్ని చూసి అంత సంబరపడ్డారాయె. ఇంక మానలేకపోయింది పాపం. రెండ్రోజులకోసారి అన్నీ మారుస్తాదండి. ఎండినవన్నీ నా పొయ్యిలోకే."

సురేంద్ర మాస్టారి పెన్ను మూత గుర్తొచ్చి లావణ్య చెవులు వేడెక్కాయి. పాముకు మూడు ఉండలు. నలుగురు రాసుకున్నారు కూడా. సిగ్గు తలదాకా ఎక్కి, అక్కడి నుంచి ఇంకో ఆలోచన కిందికి దిగింది. నిన్న సాయంత్రం చీటీల పక్కన బొమ్మలు పీకేసింది తనే. వరస మార్చింది తనే. చేప పెట్టెలో చేప లేదు, బొమ్మా లేదు, రెండు అక్షరాలు తప్ప ఏమీ లేదు. ఆ పిల్ల ఆ రెండు అక్షరాలూ చదివింది. లావణ్య వంట షెడ్డులో నిలబడి పెద్దగా నవ్వేసింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. సత్యవేణి చాట పక్కన పెట్టి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

పదింటికి ఎలీసమ్మ కాగితం మడిచి పట్టుకుని వచ్చింది. లావణ్య ఆవిడకు తన కుర్చీ వేసింది. వరప్రసాదం గారు గుమ్మంలో నిలబడ్డారు. బ్లెస్సీ తన చోటులో కూర్చుని కాళ్ళ వేళ్ళు చూసుకుంటోంది.

"మామ్మగారూ, సంతకం పెట్టేముందు ఒక్క పావుగంట," అని లావణ్య ఒక ఖాళీ చీటీ మీద 'బంతి' అని రాసి, నోటితో ఏమీ అనకుండా, కొబ్బరాకుతో కలిపి పిల్ల ముందు పెట్టింది. బ్లెస్సీ చీటీ చూసింది, టీచరును చూసింది. గుట్టు బయటపడిందని అర్థమై బుగ్గలు ఎర్రబడ్డాయి. వేళ్ళు మాత్రం ఆగలేదు. రెండు నిమిషాల్లో బంతి తయారైంది.

ఎలీసమ్మకు నమ్మకం కుదరలేదు. "అదే ఆటండి దానికి, నా చీపుళ్ళ ఆకంతా పాడుచేస్తాది. రోజూ చూసే చీటీలు కదండీ, వాటం కొద్దీ గుర్తుపట్టేస్తాది."

"అయితే మీరే రాయండి."

ఎలీసమ్మ కాసేపు ఆలోచించింది. చర్చిలో పాటల పుస్తకం చదవగలిగేటంత చదువు ఆవిడకుంది, రాసి మాత్రం చాలా ఏళ్ళయింది. స్కెచ్ పెన్ను పట్టుకుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ గదిలో ఏ పెట్టె మీదా లేని మాట ఒకటి వంకరగా రాసింది. 'చీపురు.'

బ్లెస్సీ ఆ మాట కేసి చాలాసేపు చూసింది. పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. తర్వాత లేచి బీరువా దగ్గరికెళ్ళి పది పుల్లల కట్ట ఒకటి తెచ్చింది. పుల్లలు సగానికి విరిచి, ఆకు చీలికతో మొదలు బిగించి కట్టి, నాన్నమ్మ చేసినట్టే ఒకసారి నేలకేసి తట్టి సమం చేసింది. బొటనవేలంత చీపురు నాన్నమ్మ ఒళ్ళో పెట్టింది.

ఎలీసమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నేనే అన్నానండి రాదు అని. మావోడు పిల్ల చదువుతోందా అమ్మా అని అడిగిన ప్రతిసారీ నేనే లేదన్నాను. నోట్లోంచి వస్తేనే చదువనుకున్నాను."

"నేనూ అంతే మామ్మగారూ," అంది లావణ్య. అబద్ధం కాదు. నాలుగు నెలలుగా ఆ పిల్ల ఏం చేస్తోందో చూడకుండా, బీరువా చూసుకుని మురిసిపోయింది. ఆ మాట పైకి అన్నాక గుండె కాస్త తేలికైంది.

ఎలీసమ్మ మడిచిన కాగితం విప్పింది. టీసీ అర్జీ అది, ఎవరితోనో రాయించుకొచ్చింది. దాన్ని వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం గీస్తూ మళ్ళీ ఏదో రాసింది. లావణ్య తొంగి చూడాలనుకుని కూడా చూడలేదు. కాగితం పిల్ల చేతికి వెళ్ళింది. వరప్రసాదం గారు ఈసారి ఫ్యాను కేసి చూడలేదు.

బ్లెస్సీ చదువుకుంది. అలవాటు కొద్దీ ఆకు కోసం చేయి చాపి, ఈ మాటకు ఏం అల్లాలో తోచక చేయి వెనక్కి తీసుకుంది. నాన్నమ్మ ముఖం చూసింది. ఆ కాగితం మీద 'ఇక్కడే ఉంటావా' అని ఉంది.

"ఉంటాను మామ్మా," అంది పైకి. బళ్ళో ఆ గొంతు వినడం లావణ్యకు అదే మొదటిసారి. కొంచెం బొంగురుగా, చాలా గట్టిగా ఉంది. బ్లెస్సీ టీచరు వైపు తిరిగి ఇంకా ఏదో చెప్పాలా వద్దా అని తటపటాయించింది, చివరికి చెప్పేసింది.

"ఉంటాను గానీండి, కొంగ అని మట్టుకు రాయకండి టీచరుగారూ. అది అల్లడం నాకింకా రాదండి."